అరవై ఒకటో పేజీ

మా స్టేషన్ పేరు చెప్పను. మాచర్లకీ గురజాలకీ మధ్యన ఉంటుంది, అంతవరకు చాలు. ఈ కథలో మనిషి పేరు కూడా అసలుది కాదు. మా వైపు వీధికొక కాలేషా ఉంటాడు కాబట్టి ఆయన్నీ కాలేషా అనే అంటాను. ఈ జాగ్రత్త నాకు ముందే ఉండి ఉంటే అసలీ కథ పుట్టేది కాదు.

నా పేరు ధనలక్ష్మి. హెడ్ కానిస్టేబుల్‌ని. పదకొండేళ్లుగా స్టేషన్ రైటర్‌గా చేస్తున్నాను. ఫిర్యాదు ఎవరు తెచ్చినా, శవం ఎక్కడ దొరికినా, ఎవరి గేదె ఎవరి మిరప చేలో పడినా, చివరికి అది నా చేతిరాతలోకి రావలసిందే. ఎస్సైలు వస్తారు, పోతారు, రైటర్ ఉంటుంది. నా రాత గుండ్రంగా ఉంటుందని గురజాల కోర్టులో కూడా పేరుంది. ఆ గర్వమే నా కొంప ముంచిందని చెప్పుకోవచ్చు గానీ, మునిగింది నా కొంప కాదు.

ఎన్నికలొస్తున్నాయంటే మాకు మొదటి పని బైండోవర్ లిస్టు. గొడవలు చేస్తారని అనుమానం ఉన్నవాళ్లని ముందే తహసీల్దారు దగ్గరికి తీసుకెళ్లి, బుద్ధిగా ఉంటామని వాళ్ల చేత పూచీకత్తు రాయించడం. వినడానికి బాగానే ఉంటుంది. లిస్టు తయారు చేయడమంటే మాత్రం పోయినసారి లిస్టు ముందు పెట్టుకుని ఈసారి కాగితం మీదికి ఎక్కించడమే. పేరు ఎక్కించడానికి ఎవరిదో ఒక నోటిమాట చాలు. తీయడానికి ముగ్గురు ఆఫీసర్ల సంతకాలు కావాలి, ఆ ముగ్గురిలో ఒక్కరూ పెట్టరు. తీసేసినవాడు రేపు రాయి విసిరితే మెమో ఎవరికొస్తుంది? అందుకని ఎవరినీ తీయం. అలా మా లిస్టు నూట ఎనభై ఆరు మందికి పెరిగింది. అందులో చచ్చిపోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి ఎదురుగా 'హాజరు కాలేదు' అని రాస్తాం.

బైండోవర్ రోజు తహసీల్దారు ఆఫీసు ఆవరణ చూడాలి మీరు. ఒకప్పుడు ఒకరి తల ఒకరు తీస్తామన్నవాళ్లు ఒకే అరుగు మీద కూర్చుని షుగరు మాత్రల గురించి మాట్లాడుకుంటుంటారు. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి కళ్లజోళ్లు వెతుక్కుంటారు. మొత్తం మీద మూడు ఉంటాయి. రెండు పార్టీలకీ అవే తిరుగుతాయి. వీళ్లని చూసి ఎవరు భయపడాలో నాకెప్పుడూ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పేర్లు రాస్తూనే వచ్చాను.

మూడేళ్ల కిందట ఎస్పీ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ చదువుకునేవాళ్ల కోసం హైదరాబాదులో ఒక యూనివర్సిటీ భద్రతా విధానాల మీద ఎం.ఏ. పెట్టిందనీ, ఆసక్తి ఉన్న సిబ్బంది దరఖాస్తు చేసుకోవచ్చనీ దాని సారాంశం. బోర్డు మీద అంటించమని నాకిచ్చారు. అంటించి, దరఖాస్తు కూడా నేనే పెట్టాను. డిగ్రీ అయిన ఇరవై ఏళ్లకి మళ్లీ చదువు. ఏఎస్సై ప్రమోషన్‌కి పనికొస్తుందన్న ఆశ ఉంది, దాచను. దాంతోపాటు, ఇన్నేళ్లుగా నేను రాస్తున్న రాతలకి అర్థమేమిటో ఎవరైనా చెబితే వినాలని కూడా ఉండింది.

మా ఆయన నాగేశ్వరరావు ఆర్టీసీలో కండక్టరు. ఇంక దొంగల్ని ఇంగ్లీషులో తిడతావా అని ఎగతాళి చేశాడు. చేసినా, రెండేళ్లూ ఆదివారం వంట తనే చేశాడు, ఆ మాటా చెప్పాలి.

శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పూట ఫోనులో క్లాసులు. తిరనాళ్ల బందోబస్తులో నిలబడ్డా ఒక చెవిలో పాఠం నడుస్తూ ఉండేది. నాతో చదివేవాళ్లలో విమానాశ్రయంలో సెక్యూరిటీ ఆఫీసరు ఒకాయన, రిటైరైన కల్నల్ ఒకాయన, బ్యాంకు కంప్యూటర్ల భద్రత చూసే అమ్మాయి ఒకతె ఉన్నారు. వాళ్లు సరిహద్దులనీ సముద్రాలనీ సైబర్ దాడులనీ మాట్లాడుతుంటే నేను మైకు ఆపుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు ప్రొఫెసరు గారు, అరవై దగ్గరపడిన ఆవిడ, భద్రత అనే మాట వినగానే ఎవరికి, ఎవరి నుంచి అని అడగడం నేర్చుకోండి అన్నారు. ఆ మాట సూటిగా నన్నే అన్నట్టనిపించి మైకు తెరిచాను. మా లిస్టు సంగతి చెప్పాను. మూడు కళ్లజోళ్ల సంగతీ చెప్పాను. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. థీసిస్ దీని మీదే రాయండి, ఈ సమాచారం మీ దగ్గర తప్ప దేశంలో ఏ పరిశోధకుడి దగ్గరా ఉండదు అన్నారు. నాలుగు రోజులు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

అలా లిస్టులో ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టాను. యూనిఫాం లేకుండా, చీరలో, నోట్‌బుక్కు పట్టుకుని. అంతకుముందు "ఏమయ్యా, ఇట్రా" అని పిలిచినవాళ్లనే అన్నా, బాబాయ్ అని పిలవడం నేర్చుకున్నాను. చదువు నాకిచ్చిన మర్యాద అది. దాన్ని చూసుకుని నేనే మురిసిపోయాను.

కాలేషాది రోడ్డు పక్కన వెల్డింగ్ కొట్టు. మా మండలం మొత్తానికి అదొక్కటే. కిటికీ ఊచలు, ట్రాక్టరు తొట్లు, గేట్లు, ఏది విరిగినా అక్కడికే. ఇరవై రెండేళ్ల కిందట దొండ పందిరికని ఎవరో ఇనప గుంజలు కోయించుకుపోయారు. నెల తర్వాత రెండు వర్గాలు కొట్టుకుంటే ఆ గుంజలు గడ్డివాములో దొరికాయి. కోసినవాడు కాలేషా కాబట్టి పద్నాలుగో ముద్దాయి అయ్యాడు. నాలుగేళ్లకి కోర్టు కొట్టేసింది. కేసు పోయింది, లిస్టులో పేరు పోలేదు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికకీ కొట్టు కట్టేసి, ఇద్దరు జామీనుదార్లని వెంటబెట్టుకుని వచ్చి సంతకం పెట్టిపోతాడు. అందులో పదకొండేళ్లు ఆ పేరు ఎక్కించింది నా చెయ్యే.

నేను వెళ్లిన రోజు ఆయన భార్య అక్తర్ బేగం కుర్చీ తుడిచి వేసి టీ ఇచ్చింది. మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తోంది. కాలేషా ఒక్కటే అడిగాడు. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు వెల్డర్లని తీసుకుంటున్నాడు. ఏడాది పొడవునా పని. ఈఎస్సై కార్డు ఇస్తారు, దాంతో అక్తర్ మోకాళ్లకి వైద్యం జరుగుతుంది. కానీ గేటు పాసు కావాలంటే పేరు మీద ఏమీ లేదని స్టేషన్ సర్టిఫికెట్ ఉండాలి.

"నా పేరు తీయించమ్మా. ఆ రాసేది మీరే గదా," అన్నాడు.

రాసేది నేనే, తీసేది నేను కాదని చెప్పాను. ఈ థీసిస్ పూర్తయితే ఎస్పీ గారి బల్ల మీదికి వెళుతుందనీ, చదివితే మీలాంటి వాళ్ల పేర్లన్నీ పోతాయనీ చెప్పాను. అబద్ధమాడలేదు, అప్పుడు నమ్మే చెప్పాను. యూనివర్సిటీ వాళ్ల సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. మీ పేరు ఎక్కడా రాయననీ, చదివినవాళ్లకి మీరెవరో తెలియదనీ దాని అర్థం అని వివరించాను. మా కాగితాల మీద సంతకం పెట్టడం ఆయనకి అలవాటే కాబట్టి చూపించిన చోట పెట్టేశాడు.

సంతకం అయ్యాక, టీ తాగాక, నన్ను మనిషిలా చూసి ఇంకో సంగతి చెప్పాడు. పోయిన ఎన్నికల ముందు ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి ఇనప పైపులు ముక్కలుగా కోసి ఒక పక్క మూసిపెట్టమన్నారు. ఎందుకో అడగక్కర్లేని పని, నాటు బాంబులకే. కాలేషా మిషను కాలిపోయిందని చెప్పి, కొట్టుకి తాళమేసి, పది రోజులు క్రోసూరులో బావమరిది ఇంట్లో కూర్చున్నాడు. వాళ్లెవరో ఆయనకి తెలుసు.

మరి మాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీరు రాసుకుంటారు. రాసుకుని బదిలీ మీద పోతారు. నేను ఈ రోడ్డు మీదే బతకాల గదమ్మా," అన్నాడు.

ఇంతకంటే మంచి వాక్యం నాకు రెండేళ్ల చదువులో ఎక్కడా దొరకలేదు. ఇంటికొచ్చి అది నా థీసిస్‌కి నడుమ భాగంగా పెట్టుకున్నాను. గొడవలు ఆపగల సమాచారం లిస్టులో ఉన్నవాళ్ల దగ్గరే ఉందనీ, వాళ్లని ముద్దాయిలుగా చూసినంతకాలం అది మనదాకా రాదనీ రాశాను. అరవై ఒకటో పేజీ. పేరు రాయలేదు. రెస్పాండెంట్ నంబరు ఏడు అని రాసి, పక్కనే, వయసు యాభై మూడు, వృత్తి వెల్డింగ్, సొంత కొట్టు, మెయిన్ రోడ్డు అని రాశాను.

ఎందుకు రాశావని అడిగితే ఒకటే సమాధానం. పదకొండేళ్ల అలవాటు. పేరు తెలియని శవానికి కూడా వయసు సుమారు ఇంత, ఒంటి మీద గుర్తులు ఇవి అని రాయకుండా ఏ రైటరూ కాగితం ముగించదు. మనిషి అనగానే వయసు, వృత్తి, ఊరు నా పెన్ను దానంతటదే రాసేస్తుంది. కల్నల్ గారు రాస్తే ఆ తప్పు చేసేవారు కాదు. ప్రొఫెసరు గారికి మా రోడ్డు మీద ఎన్ని వెల్డింగ్ కొట్లున్నాయో తెలియదు. వివరాలు చాలా సజీవంగా ఉన్నాయని మార్జిన్‌లో మెచ్చుకున్నారు.

డిపార్టుమెంటు అనుమతితో చదివినవాళ్లు థీసిస్ ప్రతి ఎస్పీ ఆఫీసులో ఇవ్వాలి. ఇచ్చాను. నెల తిరక్కుండా ప్రశంసాపత్రం వచ్చింది. ఎస్సై ఆనంద్ అందరినీ నిలబెట్టి చదివి వినిపించాడు, మిఠాయి పంచారు. నా సిఫారసుల్లో ఒకటి వెంటనే అమలులోకి వచ్చింది. లిస్టులోంచి చనిపోయినవారి పేర్లు తొలగించాలని ఆదేశం. పంతొమ్మిది మంది. వంద పేజీలు రాసి నేను విడిపించింది చచ్చినవాళ్లని.

ఇంకో పది రోజులకి ఇంకో కాగితం వచ్చింది. థీసిస్ అరవై ఒకటో పేజీలో ప్రస్తావించిన వ్యక్తిని గుర్తించి, నేర సమాచారం దాచిపెట్టినందుకు విచారించి, అతని మీద సస్పెక్ట్ షీట్ తెరవాలని. ఆనంద్ చెడ్డవాడు కాదు. ముప్ఫై ఏళ్లు లేని మనిషి, నన్ను మేడం అనే పిలుస్తాడు. కాగితం చదివి నా బల్ల దగ్గరికొచ్చి నెమ్మదిగా, "వెల్డింగ్ కొట్టు, యాభై మూడేళ్లు. మనకి ఉన్నది ఒకడే గదా మేడం," అన్నాడు.

మూడు రోజులు కాలేషాని స్టేషన్‌కి తిప్పారు. పొద్దున వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు, సాయంత్రం పంపేవాళ్లు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. నాకేమీ తెలియదనీ, ఎవరూ రాలేదనీ, ఎవరితోనూ ఏమీ అనలేదనీ మూడు రోజులూ ఒకటే చెప్పాడు. ఆ బెంచీకీ నా బల్లకీ ఆరడుగుల దూరం. ఒక్కసారైనా నా వైపు వేలు చూపించి ఈవిడకే చెప్పానని అనలేదు. నేనిచ్చిన మాట కాపాడటానికి ఆయన అబద్ధమాడాడు. నేను తల దించుకుని ఆ అబద్ధాన్ని గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నాను.

స్టేషన్ ముందు బెంచీ మీద మూడు రోజులు కూర్చున్న మనిషి ఏదో చెప్పే ఉంటాడని ఊరు అనుకుంటుంది. ఆ ఇద్దరు కుర్రాళ్లూ అనుకున్నారు. కొట్టు ముందు బండి ఆపి కాసేపు చూసి పోయేవాళ్లు. ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన పని లేకుండానే గేట్లు చేయించుకునేవాళ్లు పిడుగురాళ్ల పోవడం మొదలుపెట్టారు.

షీట్ నా చేత్తోనే తెరిచాను. 'సమాచార మూలం' అన్న గడిలో నా థీసిస్ పేరే రాయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఆనంద్ దగ్గరికి వెళ్లి, దీన్ని ఎలాగైనా ఆపండి సార్ అన్నాను. ఆయన తలుపు దగ్గరికి వేసి కూర్చోమన్నాడు.

"ఒక దారుంది. ఆ పేజీ నేనే కల్పించి రాశానని మీరు రాసివ్వండి. మూలమే అబద్ధమయితే షీట్ నిలవదు, నేను మూసేస్తా. లిస్టులో పేరున్నా, కేసులేవీ లేవని సర్టిఫికెట్ కూడా నేనే ఇస్తా," అన్నాడు.

డిగ్రీ పోతుందని నేను అనలేదు, పోదని ఆయనా అనలేదు. కల్పించి రాశానంటే యూనివర్సిటీ పట్టా వెనక్కి తీసుకుంటుంది. ప్రశంసాపత్రం వెనక్కి పోతుంది, దాని వెంట చార్జిమెమో వస్తుంది. ఏఎస్సై లిస్టులో నా పేరు ఆరోది. మరోవైపు చూస్తే, ఒక మనిషికి ఒక సర్టిఫికెట్, ఒక గేటు పాసు. సర్టిఫికెట్ తెచ్చుకోమని కాంట్రాక్టరు కాలేషాకి ఇచ్చిన గడువు అప్పటికి ఇంకా ఐదు వారాలుంది.

రాశాను. ఆ రోజే రాశాను. అరవై ఒకటో పేజీలోని సంభాషణ జరగలేదనీ, అది నా ఊహ మాత్రమేననీ, అరఠావు కాగితం మీద, తేదీ వేసి. కాలేషా కొట్టుకి వెళ్లి, ఒక కాగితం ఇస్తున్నాను, షీట్ పోతుంది, సర్టిఫికెట్ వస్తుంది అని చెప్పాను. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నాకు! అక్తర్ బేగం ఆ రోజు కూడా టీ ఇచ్చింది.

సంతకం మాత్రం పెట్టలేదు. మూడు వారాల్లో స్నాతకోత్సవం ఉంది, అది కానిచ్చి పెడదామనుకున్నాను. మా ఆయనకి కాగితం చూపిస్తే, నీ ఇష్టం అన్నాడు. అని, ఆ ఆదివారం వంట చేయలేదు. హైదరాబాదు వెళ్లాను. నల్ల గౌను వేసుకుని పట్టా తీసుకున్నాను. డిస్టింక్షన్. ప్రొఫెసరు గారు నన్ను దగ్గరికి తీసుకుని, మీ ఏడో నంబరు మనిషి ఎలా ఉన్నాడు అని అడిగారు. బాగున్నాడు మేడం అన్నాను.

వచ్చాక పెడదామనుకున్నాను. అప్పుడు ప్రమోషన్ లిస్టు కదులుతోందన్నారు. కాలేషా మూడుసార్లు స్టేషన్‌కి వచ్చాడు. మొదటిసారి, అయిందా అమ్మా అన్నాడు. రెండోసారి, ఇంకో పది రోజులే ఉందమ్మా అన్నాడు. మూడోసారి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. గడువు తేదీ నాడు నేను సొరుగు తెరిచి కాగితం తీసి చదివి మళ్లీ లోపల పెట్టాను. భయపడ్డానని చెప్పుకోవచ్చు, వినేవాళ్లకి జాలి కూడా వేస్తుంది. అది భయం కాదు. ఆరో పేరు మీద ఆశ. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

మొన్న పంచాయతీ ఎన్నికలని మళ్లీ లిస్టు తీశాం. నూట అరవై ఏడు మంది. తహసీల్దారు ఆఫీసు వేపచెట్టు కింద నాకు బల్ల వేశారు. అవే అరుగులు, అవే షుగరు మాత్రల కబుర్లు, అవే మూడు కళ్లజోళ్లు. మధ్యాహ్నం పన్నెండింటికి కాలేషా వంతు వచ్చింది. మనిషి చిక్కిపోయాడు. ఈసారి జామీనుదార్లు దొరకడం ఆలస్యమైందని చెప్పాడు. మేడం అన్నాడు, అమ్మా అనలేదు.

వయసు అడిగాను, యాభై నాలుగన్నాడు. వృత్తి గడిలో అలవాటు కొద్దీ 'వె' రాశాను.

"అది రాయమాకండి మేడం. కొట్టు తీసేశా. మిషను కూడా అమ్మేశా."

"మరి ఏం రాయమంటావన్నా?"

"మీ ఇష్టం. మీరేది రాత్తే అదే గదా నేను," అన్నాడు.

కోపంగా అనలేదు. అనుంటే బాగుండేది. పక్కనున్న ముసలాయన దగ్గర కళ్లజోడు అడిగి తీసుకుని, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టి, కళ్లజోడు తుడిచి ఆయనకిచ్చేసి రోడ్డు మీదికి నడిచాడు.

నేను 'వె' కొట్టేశాను. ఆ గడిలో ఒక గీత గీశాను. వయసు మారింది, వృత్తి పోయింది, రోడ్డు మీద కొట్టు లేదు. ఇప్పుడు అరవై ఒకటో పేజీ చేత్తో పట్టుకుని మా మండలమంతా గాలించినా అందులోని మనిషి ఎవరికీ దొరకడు. యూనివర్సిటీ వాళ్ల పత్రంలో మొదటి షరతు అదే. ఇన్నాళ్లకి నెరవేర్చాను.